యూరోప్‌కి మే నెలలో వద్దు, పురట్టాసిలో పోదాం



యూరోప్ టూరు గురించి దీపావళి నుంచి గ్రూపులో మాటలు జరుగుతా ఉన్నాయి. ఇప్పటికి 34 మంది పేర్లు ఇచ్చినారు. కమిటీవాళ్ళు ఒక ట్రావెల్ కంపెనీ దగ్గర చిత్తు ప్లాను తెప్పించి గ్రూపులో పెట్టినారు. 2027 ఏప్రిల్ 29 గురువారం కోయంబత్తూరులో బయలుదేరేది, మే 10న రోములో తిరుగు విమానం ఎక్కేది. పన్నెండు రోజులు, ఏడు దేశాలు. వచ్చే కూటంలో అడ్వాన్సు కట్టేదానికి తీర్మానం అంట. కట్టకముందు నా మాట కూడా ఒకసారి చదవండి. ఆ తేదీలు వద్దు. ఈ పయనం సెప్టెంబరులో, ఆవణి పోయి పురట్టాసి పుట్టే రోజుల్లో పెట్టుకోవాల.

కంపెనీ మీద నాకేమీ కోపం లేదు. వాళ్ళు దేశపటం చూసి ప్లాను వేసినారు, క్యాలెండరు చూడలేదు. నేను రిజర్వేషన్ కౌంటరు వెనక కూర్చుని ఇన్నేళ్ళు చూసిందేమంటే, జనం పడే అవస్థలో దూరం వల్ల వచ్చేది కొంచెమే, తేదీ వల్ల వచ్చేదే అంతా. కోయంబత్తూరు నుంచి చెన్నై పోయే అదే బండి, అదే టికెట్టు ధర. దీపావళి ముందు రోజు కాలు పెట్టను చోటుండదు, పండగ పోయిన వారానికి పడుకునే పోవచ్చు. అందుకే ఆ చిత్తును చార్టు చూసినట్టు తేదీ తేదీగా చూసినాను.

మే 1 శనివారం పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం అని వేసినారు. లూవ్ర్ ప్రతి మంగళవారం మూత. అదిగాక ఏటా జనవరి 1, మే 1, డిసెంబరు 25న కూడా మూత. అంటే మనం పోయేది తలుపు మూసిన రోజు. చిత్తులో చిన్న అక్షరాల్లో చూడండి, 'బయటినుంచి ఫోటో' అని ఉంది. ఆ మాట వేసినవాళ్ళకి సంగతి తెలుసు అని అర్థం. సరే, వెర్సాయ్ రాజభవనం పోదామంటే అది కూడా మే 1న మూతే. మే దినం నాడు పారిస్‌లో ఊరేగింపులు, బస్సులు కూడా తక్కువ. గాజు గోపురం ముందర నిలబడి ఫోటో తీసుకోవడానికి ఇంత దూరం పోవాలనా?

మే 6 గురువారం జర్మనీ బ్లాక్ ఫారెస్టు, రాత్రికి స్విట్జర్లాండ్. ఈ తేదీ గురించి కొంచెం నీళ్ళు పోసి చెప్పాల, ఎందుకంటే ఇది మన క్యాలెండర్లో కనిపించే పండగ కాదు. ఈస్టర్ మన పంగుని ఉత్తిరం మాదిరి చంద్రుడితో జరిగే పండగ. మార్చి 21 పోయి వచ్చే పౌర్ణమి తర్వాత ఆదివారం. 2027లో అది మార్చి 28. అక్కడినుంచి నలభయ్యో రోజు ఏసు పరలోకానికి పోయిన రోజని ఒక గురువారం వస్తుంది, యాభయ్యో రోజు ఇంకొక ఆదివారం, దాని మరుసటి సోమవారం కూడా లీవు. 2027లో ఆ గురువారం మే 6, ఆ సోమవారం మే 17. ఫ్రాన్సు, జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, బెల్జియం, నెదర్లాండ్స్ అన్నిట్లోనూ గురువారం లీవు. నడుమ శుక్రవారానికి ఒక లీవు రాసిచ్చి గురువారం మొదలు ఆదివారం దాకా నాలుగు రోజులు కలుపుకుంటారు. ఫ్రెంచివాళ్ళు దీన్ని 'వంతెన' అంటారు, జర్మనీవాళ్ళు కూడా 'వంతెన రోజు' అనే అంటారు. మనం ఆఫీసుల్లో ఎన్నో వంతెనలు కట్టినాము, పేరు పెట్టలేదు, అంతే!

ఆ వంతెన ఎక్కినవాళ్ళందరూ ఎక్కడికి పోతారు? చలి దేశంవాళ్ళు ఎండ కోసం ఇటలీకి దిగుతారు. మన చిత్తులో మే 8 శనివారం వెనిస్, మే 9 ఆదివారం రోములో వాటికన్ మ్యూజియం. సరిగ్గా వాళ్ళ బస్సుల వెనకే మన బస్సు. వెనిస్‌లో తోపులాట తాళలేక 2024లో పగటిపూట వచ్చిపోయేవాళ్ళకి 5 యూరోలు వసూలు మొదలుపెట్టినారు. 2025లో దాన్ని 54 రోజులకి పెంచి, కడాపట్న బుక్ చేసినవాళ్ళకి 10 యూరోలు చేసినారు. ఆ రోజులు అన్నీ ఏప్రిల్ నుంచి జులై దాకా, ముఖ్యంగా శుక్ర, శని, ఆదివారాలు. ఏ రోజుల్లో రావద్దని ఆ ఊరే మనకి చీటీ రాసిచ్చినట్టు కదా. ఇంక వాటికన్ మ్యూజియం ఆదివారం మూత. నెలలో చివరి ఆదివారం మాత్రం తెరుస్తారు. మే 9 చివరి ఆదివారం కాదు.

మూడు పెద్ద ఊర్లు, మూడు చోట్లా ఇదే కథ. ఏడు దేశాలు చూసినామని చెప్పుకోవచ్చు, లోపలికి పోయింది ఎన్ని అని మాత్రం ఎవరూ అడక్కూడదు.

అన్నూరువాళ్ళకి ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మనం మే నెలలో ఊటీ పోతామా? పోము. మెడ్రాసువాళ్ళు, కేరళావాళ్ళు, బెంగళూరువాళ్ళు పోతారు, పూల ప్రదర్శన కోసం పోయి కల్లార్ మలుపుల్లో బండ్లో కూర్చుని వస్తారు. మేట్టుపాళయం దగ్గర ఉన్న మనం సీజను పోనిచ్చి, ఆగస్టులోనో సెప్టెంబరులోనో పొద్దున్నే ఎక్కి సాయంత్రం దిగి వస్తాము. 2024 మే నుంచి హైకోర్టు చెప్పినందుకు ఊటీకి ఈ-పాస్ పెట్టినారు. 2025లో ఏప్రిల్ మొదలు జూన్ దాకా మామూలు రోజుకి 6000 బండ్లు, శని ఆదివారాలకి 8000 అని లెక్క కూడా కట్టినారు. వెనిస్ చేసిందీ నీలగిరి చేసిందీ ఒకటే పని. మన కొండకి మనం పాటించే తెలివి యూరోప్‌కి పోయేటప్పుడు మాత్రం ఎందుకు మూట కట్టి ఇంట్లో పెట్టాల?

ఇంకొక మాట. 34 మందిలో అరవై దాటినవాళ్ళు 21 మంది. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు ఉన్నారు, షుగర్ మాత్ర వేళకి వేసుకోవాల్సినవాళ్ళు ఉన్నారు. కొందరు రిటైర్ అయిన డబ్బు బ్యాంకులో వేసింది తీసి కడతా ఉన్నారు. ఇది వాళ్ళకి ఒక్కసారి జరిగే పయనం. రెండోసారి పోదాంలే అనేదానికి లేదు. పాతికేళ్ళ పిల్లకాయ రెండు గంటలు క్యూలో నిలబడి దాన్ని కథగా చెప్పుకుంటాడు. మన అత్తమ్మలకి అది మరుసటి రెండు రోజులు హోటల్ గదిలో కాళ్ళు చాపుకుని కూర్చోవడం.

"మే నెల అంటే మనవళ్ళకి లీవు కదా" అని ఒక వదిన గ్రూపులో రాసినారు. న్యాయమైన మాటే. పేర్లు లెక్క చూసినాను. బడికి పోయే పిల్లలు ఆరుగురు. ఆరుగురి లీవు కోసం 21 మంది పెద్దల తేదీ మార్చేదా, లేక రెండు జట్లుగా పోయేదా? రెండు జట్లే మంచిదని నా అభిప్రాయం. పిల్లలున్న ఇండ్లవాళ్ళు మే 18 మంగళవారం అక్కడ దిగి నెలాఖరులోపల ముగించుకుంటే రెండు పెద్ద లీవులూ వెనకబడి పోతాయి. అయితే మే 27 గురువారం ఆస్ట్రియాలోనూ మ్యూనిక్ వైపూ ఇంకొక పండగ ఉంది, అటు పోవద్దు. దక్షిణ జర్మనీ బడిపిల్లలకి కూడా ఆ రెండు వారాలు లీవు, వాళ్ళు ఇటలీ ఉత్తరపు చెరువుల పక్కకి పోతారు. ఆ పక్క వదిలేస్తే చాలు.

పెద్దవాళ్ళకి ఏ నెల? మన ఇండ్లలో ఈ ప్రశ్న వస్తే అందరూ చెప్పేది ఆడి. ముహూర్తాలు లేవు, పెండ్లి పత్రికలు రావు, చేతిలో వేళ ఉంటుంది. కానీ ఆడి అంటే జులై నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా. యూరోప్ మొత్తం రోడ్డు మీద ఉండే నెల అదే. ఆగస్టు 15 మనకి జెండా పండగ, ఇటలీవాళ్ళకి వేసవి లీవుల నడుమ పెద్ద పండగ, ఊర్లో అంగళ్ళే మూసేసి సముద్రం పక్కకి పోతారు. రోములో ఆ ఎండ మన కరూరు ఎండకి తీసిపోదు. ఆడి సుతరామూ వద్దు.

ఇక్కడ వాళ్ళు చేసే ఒక పని నాకు చాలా నచ్చింది. ఫ్రాన్సులో బడులను ఏ, బీ, సీ అని మూడు మండలాలుగా విభజించినారు. చలికాలం లీవు, వసంతకాలం లీవు మూడు మండలాలకీ ఒకే వారంలో పడకుండా వరసగా జరుపుతారు. జర్మనీలో 16 రాష్ట్రాలు వేసవి లీవును మాట్లాడుకుని ముందూ వెనకా పెట్టుకుంటాయి. బవేరియావాళ్ళది అందరికంటే చివర, సెప్టెంబరు నడుమ దాకా పోతుంది. రోడ్లూ రైళ్ళూ ఒకే రోజు ముక్కలు కాకూడదని ఏర్పాటు. మన దగ్గర దీపావళికి, పొంగలుకి మొత్తం రాష్ట్రం ఒకే సాయంత్రం బయలుదేరుతుంది. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 120 రోజుల ముందు నుంచి 60 రోజులకి తగ్గించినారు, దాంతో ఏమన్నా మారిందా? క్యూ నిలబడే తేదీ మారింది, అంతే. పండగను జరపలేము, నిజమే. బడి లీవును జరపొచ్చు కదా? ఇది వేరే కథ, ఇంకొక రోజు రాస్తాను.

సెప్టెంబరుకి వస్తాను. ఫ్రాన్సులో ఆగస్టు 15 పోతే నవంబరు 1 దాకా ఒక్క ప్రభుత్వ లీవు కూడా లేదు. బడులు తెరిచి ఉంటాయి, వంతెన కట్టేదానికి గట్టే లేదు. ఇటలీ కూడా అదే మాదిరి ఉండేది, ఇప్పుడు కొత్తగా ఒకటి చేర్చినారు. 2026 నుంచి అక్టోబరు 4 సెయింట్ ఫ్రాన్సిస్ రోజు జాతీయ లీవు. 2027లో అది సోమవారం పడుతుంది, అంటే అక్టోబరు 2, 3, 4 మూడు రోజుల లీవు. పాత క్యాలెండరు చూసి ప్లాను వేసేవాళ్ళు ఇక్కడ దెబ్బ తింటారు, జాగ్రత్త. ఆ లోపల మనం తిరిగి వచ్చేయాల. మ్యూనిక్‌లో బీరు పండగ సెప్టెంబరు 18 నుంచి అక్టోబరు 3 దాకా. ఆ రోజుల్లో అక్కడ గది దొరకదు, దొరికినా ధర వినలేము. కాబట్టి జర్మనీయే వద్దు.

సెప్టెంబరులో వెనిస్, రోము ఖాళీగా ఉంటాయని నేను చెప్పను. అక్కడ ఎప్పుడూ జనమే. కానీ అది రోజువారీ జనం, పండగ జనం కాదు. కౌంటరులో పని చేసినవాడికి ఆ తేడా తెలుస్తుంది.

నేను వేసిన చిత్తు ఇది. సెప్టెంబరు 12 ఆదివారం కోయంబత్తూరులో ఎక్కి 13న పారిస్‌లో దిగేది. వినాయక చవితి 4నే అయిపోతుంది. 14 మంగళవారం లూవ్ర్ మూత కాబట్టి ఆ రోజు ఐఫిల్ టవర్, నదిలో పడవ. 15 బుధవారం లూవ్ర్. (2026 జనవరి నుంచి యూరోప్ బయటివాళ్ళకి లూవ్ర్ టికెట్టు 32 యూరోలు చేసినారు. ఇంత పోసి కట్టినప్పుడైనా లోపలికి పోవాల కదా.) 16 గురువారం వెర్సాయ్, అది సోమవారం మూత. 17 శుక్రవారం పొద్దున్నే బాసెల్ మీదుగా లుసర్న్‌కి రైలు. ఎందుకు శుక్రవారమే అంటే, సెప్టెంబరు మూడో శని ఆదివారాలు ఫ్రాన్సులో పాత భవనాలన్నీ జనానికి తెరిచి చూపిస్తారు, పారిస్ ఊరే రోడ్డు మీదికి వస్తుంది.

లుసర్న్‌లో నాలుగు రాత్రులు. 19 ఆదివారం స్విట్జర్లాండ్‌లో ప్రార్థన రోజు, అంగళ్ళు మూత, స్టేషన్లో మాత్రం ఉంటాయి. ఆ రోజు చెరువులో పడవలో తిరిగి, 20 సోమవారం పిలాటస్ కొండ ఎక్కుదాం. పళ్ళ పట్టాల మీద పోయే రైళ్ళలో ప్రపంచంలోనే నిటారైనది, 1889 నుంచి నడుస్తా ఉంది. నూరు అడుగులు పోతే 48 అడుగులు ఎక్కుతుంది. మన ఊటీ రైలు పన్నెండుకి ఒకటి. అయినా మనకి అది దాయాది బండే. ఊటీ పట్టాల నడుమ ఉన్న పళ్ళ ఏర్పాటు కనిపెట్టిన ఆబ్ట్ స్విట్జర్లాండ్‌వాడు, మేట్టుపాళయం నుంచి తోసుకుపోయిన పాత ఆవిరి ఇంజన్లలో చాలా మటుకు ఆ దేశపు వింటర్‌టూర్ ఊర్లో చేసి వచ్చినవి. చిన్నప్పటినుంచి కల్లార్‌లో ఆ కూత విన్నవాళ్ళకి అక్కడ నిలబడితే ఎట్లుంటుందో నేను రాయలేను.

21 మంగళవారం 57 కిలోమీటర్ల గోట్హార్డ్ సొరంగం దాటి మిలాన్, అక్కడినుంచి వెనిస్. 22 బుధవారం, 23 గురువారం పగలు వెనిస్, వారాంతం రాకముందే రోముకి రైలు. 24 శుక్రవారం వాటికన్ మ్యూజియం, పొద్దున మొదటి వేళ టికెట్టు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 26 ఆదివారం నెలలో చివరి ఆదివారం, మ్యూజియం తెరుస్తారు, అదీ ధర్మ దర్శనం. ఉచితం కదా అని ఎవరైనా ఆ రోజుకి మార్చమంటే దయచేసి వినొద్దండి. తిరుమల ధర్మ దర్శనం క్యూ చూసినవాళ్ళకి ఇంతకంటే వివరం అక్కర్లేదు. 27 సోమవారం విమానం, 28న ఇంట్లో. మూడు దేశాలు, 14 రాత్రులు. ఫ్లోరెన్సు, ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్ వదిలేసినాను. తిట్టేవాళ్ళు తిట్టండి.

ఇంక మన ఇంటి పక్క అభ్యంతరాలు. పురట్టాసి పెరుమాళ్ళ నెల, శనివారాలు ఊర్లో ఉండొద్దా అని పెద్దలు అడుగుతారు. ఆ ఏడు పురట్టాసిలో ఐదు శనివారాలు, మనకి తప్పేది 18, 25 రెండే. మిగతా మూడు కారమడై రంగనాథుడి దగ్గర తీర్చుకోవచ్చు. మహాళయ అమావాస్య నెలాఖరులో వస్తుంది, అంతలోపల మనం ఇంట్లో ఉంటాము, తర్పణానికి తప్పు లేదు. ఆయుధ పూజ అక్టోబరులోనే. "మహాళయ పక్షంలో పయనమా?" అన్నారు ఒక మామ. గృహప్రవేశమూ కాదు, పెండ్లి చూపులూ కాదు మామా. ఆ పదిహేను రోజులు మనల్ని ఏ శుభకార్యానికీ ఎవరూ పిలవరు, అదే మనకి అనుకూలం. ఇంకొకటి గమనించండి. పురట్టాసిలో మన ఇండ్లలో ఎట్లాగూ మాంసం ముట్టము. ఆ డిష్‌లో ఏ మాంసం పడిందో, ఈ సూపు దేనితో కాచినారో అనే తగవు బస్సులో రాదు. 34 మందికీ ఒకే మాట, ఒకే పంక్తి. పోయే ముందు నుంచే వంటవాళ్ళకి చెప్పేయొచ్చు.

వ్యవసాయం చేసేవాళ్ళ అభ్యంతరం నిజమైనది. వాన నమ్ముకున్న మెట్ట నేల మనది, పురట్టాసి వానకి విత్తేవాళ్ళు ఊరు వదలలేరు. అత్తికడవు నీళ్ళు చెరువులకి వచ్చినా చేను చూసే మనిషి కావాల్సిందే. అట్లాంటివాళ్ళు మే జట్టులో చేరండి. ట్యూలిప్ తోటలు చూడాలన్నవాళ్ళూ ఉన్నారు, 'అన్నియన్' సినిమా పాటలో చూసినప్పటినుంచి ఆశ అంటారు. ఆ తోట మార్చి నడుమ నుంచి మే నడుమ దాకానే తెరుస్తారు, సెప్టెంబరులో అక్కడ పువ్వు లేదు. పగలు కూడా మే కంటే రెండు మూడు గంటలు తక్కువ. ఈ నష్టాలు ఉన్నాయి, దాచేదానికి లేదు. నేను తూచి చూస్తే తక్కెడ సెప్టెంబరు వైపే దిగింది.

వేళ ఎక్కువ లేదు. షెంగెన్ వీసాకి పయనానికి ఆరు నెలల ముందు నుంచే అర్జీ ఇవ్వొచ్చు, అంటే మనకి మార్చి నడుమ నుంచి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశం దగ్గర అర్జీ పెట్టాల. నా చిత్తులో పారిస్ నాలుగు, స్విట్జర్లాండ్ నాలుగు, ఇటలీ ఆరు, కాబట్టి ఇటలీ. మనిషికి వీసా రుసుము 90 యూరోలు, రాకపోతే తిరిగి ఇవ్వరు. తిరిగి వచ్చే తేదీ తర్వాత మూడు నెలలకైనా పాస్‌పోర్టు చెల్లాల, అది తీసి పదేళ్ళు దాటకూడదు. ఇప్పుడే పెట్టె తెరిచి చూసుకోండి. రైళ్ళ విషయం ఒకటి. పారిస్–బాసెల్ బండికి, ఇటలీలో వేగంగా పోయే బండ్లకి సీటు రిజర్వేషన్ తప్పనిసరి. స్విట్జర్లాండ్ లోపల మామూలు బండ్లకి అక్కర్లేదు, ఎక్కి కూర్చోవడమే. ఇటలీలో రైలు సమ్మెలు వస్తా ఉంటాయి, కానీ ముందే ప్రకటిస్తారు. మామూలు రోజుల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 ప్రాంతీయ బళ్ళు నడుపుతారు. 

కమిటీవాళ్ళకి మనవి. అడ్వాన్సు కట్టకముందు ఈ రెండు చిత్తులూ కూటంలో పక్కపక్కన పెట్టి చదివించండి. పేరు ఇచ్చినవాళ్ళు మే జట్టా, సెప్టెంబరు జట్టా అని ఈ పోస్టు కిందే రాయండి. ఫోను చూసుకోలేని పెద్దవాళ్ళ తరఫున ఇంట్లో పిల్లలు వాళ్ళని అడిగి రాయాల, వాళ్ళే తీర్మానించి రాయకూడదు.